టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లో నేను ఫైనల్ మీద ఉండగా ఎదురు చివర నుంచి ఒకాయన టేకాఫ్ మొదలుపెట్టారు

తణుకు_టు_టెక్సస్

అందరికీ నమస్కారం. ఇది శనివారం జరిగింది, అప్పటినుంచీ నిద్ర సరిగ్గా పట్టట్లేదు. ఇంట్లో చెప్తే ఫ్లయింగ్ మానెయ్యమంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ప్లేనోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి ట్రైనింగ్ తీసుకుంటున్నాను. సెస్నా 172, ఇప్పటికి 46 గంటలు. నేర్చుకుంటున్నది కంట్రోల్ టవర్ ఉన్న ఎయిర్‌పోర్ట్‌లో. అందుకని మొదటినుంచీ నాకు ఒకటే అలవాటు, పైనుంచి ఒక గొంతు చెప్తుంది, మనం దాన్నే తిరిగి అప్పజెప్పి అలా చేస్తాం. టవర్ లేని చోట్లకి ఇన్‌స్ట్రక్టర్‌తో ఓ నాలుగైదుసార్లు వెళ్ళాను, ఒంటరిగా వెళ్ళడం ఇది రెండోసారి.

సోలో క్రాస్‌కంట్రీలో రెండో మజిలీ ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్ట్, పేరు వద్దులెండి. ఒకటే రన్‌వే, 17/35, అంటే దక్షిణం వైపు వాడితే 17, ఉత్తరం వైపు వాడితే 35. ఏవాస్ (వాతావరణం చెప్పే ఆటోమేటిక్ రేడియో) వింటే గాలి 150 డిగ్రీల నుంచి 4 నాట్లు అంది, సరే 17 అనుకున్నాను. 10 మైళ్ళ దూరం నుంచే రేడియోలో చెప్పడం మొదలుపెట్టాను. డౌన్‌విండ్ (రన్‌వేకి సమాంతరంగా), బేస్ (అడ్డంగా), ఫైనల్ (తిన్నగా రన్‌వే వైపు), ప్రతి మలుపులోనూ ఊరి పేరుతో సహా చెప్పాను. ఎవరూ పలకలేదు. ఫ్రీక్వెన్సీ మాత్రం ఖాళీగా లేదు, ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు, అన్నీ వేరే ఊళ్ళ పేర్లు. ఐప్యాడ్‌లో ట్రాఫిక్ కూడా ఏమీ చూపించలేదు. అంటే మొత్తం ఎయిర్‌పోర్ట్ నాదే అనుకున్నాను.

ఫైనల్‌లో ఓ 300 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు రన్‌వే అవతలి చివర పసుప్పచ్చగా ఏదో కదిలింది. ముందు గడ్డి కోసే ట్రాక్టర్ అనుకున్నాను, నిజంగానే. అంతలో దాని తోక పైకి లేచింది. చిన్న విమానం, 35 మీద, తిన్నగా నా వైపే వస్తోంది. గుండె జారిపోయింది. ఫుల్ పవర్ ఇచ్చి గో అరౌండ్ చేసి, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెక్కి, కుడి పక్కకి జరిగాను. ఆయన కూడా గాల్లోకి లేచి నా ఎడమ పక్కనుంచి వెళ్ళిపోయారు. ఎంత దూరమో కొలిచి చెప్పలేను గానీ ఆయన టోపీ కనబడింది. తర్వాత అక్కడ దిగకుండా నేరుగా ఇంటికి వచ్చేశాను, కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

నాకు తెలియాల్సింది ఇది. అక్కడ హక్కు ఎవరిది? నేను అన్నిసార్లు చెప్తున్నా ఒక్క ముక్క మాట్లాడకుండా టేకాఫ్ తీసుకోవచ్చా ఆయన? చెప్పేవాళ్ళెవరూ లేనిచోట రెండు విమానాలు ఒకే రన్‌వే మీదకి రాకుండా మీరందరూ అసలు ఎలా నెట్టుకొస్తున్నారు?

ప్లేన్_స్పాటర్_శంషాబాద్

ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో చూసుకుంటే అన్నీ కనబడతాయి కదా బ్రో, దానికింత టెన్షన్ ఎందుకు.

మెసా_మాస్టారు

పై కామెంట్‌కి ముందు జవాబు చెప్తాను, ఈ నమ్మకంతోనే చాలామంది దెబ్బతింటున్నారు. తోక లేచింది, పసుప్పచ్చ అంటున్నాడు కాబట్టి అది పాత పైపర్ కబ్ లాంటిది అయ్యుంటుంది. అలాంటి వాటిలో కరెంటే ఉండదు, బ్యాటరీ లేదు, ఆల్టర్నేటర్ లేదు, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పి స్టార్ట్ చేస్తారు. ఏడీఎస్‌బీ, అంటే విమానం ఎక్కడుందో ప్రసారం చేసే పరికరం, అక్కర్లేదని వాటికి రూల్‌లోనే మినహాయింపు ఉంది. ఆ మాటకొస్తే పెద్ద ఎయిర్‌పోర్ట్‌లకి దూరంగా, తక్కువ ఎత్తులో తిరిగే మామూలు విమానాలకి కూడా అది తప్పనిసరి కాదు. ఐప్యాడ్ ఖాళీగా ఉందంటే ఐప్యాడ్ ఖాళీగా ఉందని, ఆకాశం ఖాళీగా ఉందని కాదు.

ఇక తమ్ముడూ, నువ్వు గో అరౌండ్ చేశావు. అదొక్కటి చేశావు కాబట్టే మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోగలుగుతున్నాం. ‘ఆయనే ఆగుతాడులే’ అనుకుని దిగేవాళ్ళని నేను పక్క సీట్లో కూర్చుని చూశాను.

హక్కు సంగతి అమెరికా విమాన నిబంధన 91.113లో ఉంది. ఫైనల్‌లో ఉన్నవాడికీ ల్యాండ్ అవుతున్నవాడికీ మిగతావాళ్ళంతా దారి ఇవ్వాలి, గాల్లో ఉన్నా నేలమీద ఉన్నా సరే. ఇద్దరు ఒకేసారి దిగడానికి వస్తుంటే కింద ఉన్నవాడిది ముందు, అయితే ఆ వంకతో కిందకి దూరి ఫైనల్‌లో ఉన్నవాడికి అడ్డం రాకూడదు. కాబట్టి కాగితం మీద హక్కు నీదే. కానీ నువ్వు అక్కడ ఉన్నావని ఆయనకి తెలిస్తేనే కదా ఆ హక్కు పనికొచ్చేది. ఇక రేడియో అంటావా, టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లో అమెరికాలో రేడియో ఉండాలన్న నిబంధన లేదు. జనానికి తెరిచి ఉన్న ఎయిర్‌పోర్ట్‌లు ఈ దేశంలో 5,000 పైన ఉంటే టవర్ ఉన్నవి సుమారు 500. అంటే పదింట తొమ్మిది చోట్ల మనమే చూసుకోవాలి.

నా స్టూడెంట్లందరికీ సోలోకి పంపే ముందు క్విన్సీ కథ చెప్తాను. 1996 నవంబర్ 19, ఇల్లినాయ్. టవర్ లేదు. సాయంత్రం ఐదయింది, వెలుతురు తగ్గుతోంది. యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ 5925, బీచ్ 1900 విమానం, అందులో 12 మంది, రన్‌వే 13 మీద దిగడానికి వస్తున్నారు. దాన్ని అడ్డంగా కోసే రన్‌వే 4 మీద కింగ్ ఎయిర్ అనే రెండింజిన్ల విమానం నిలబడి ఉంది, దాని వెనక చెరోకీ అనే చిన్న విమానం. 1900 వాళ్ళు పద్ధతిగా చెప్తూనే వచ్చారు. చివర్లో అడిగారు కూడా, 4 మీద ఉన్నవాళ్ళు ఆగుతారా, టేకాఫ్ తీసుకుంటారా అని. జవాబు వచ్చింది. కాకపోతే అది ఇచ్చింది కింగ్ ఎయిర్ కాదు, వెనకున్న చెరోకీ పైలట్, తాను ఆగి ఉన్నానని చెప్పాడు. సరిగ్గా ఆ క్షణంలో 1900 కాక్‌పిట్‌లో ఎత్తు చెప్పే యంత్రం ‘టూ హండ్రెడ్’ అని అరవడంతో మాటల్లో కొంత కలిసిపోయింది. వీళ్ళు కింగ్ ఎయిరే ఆగుతానందనుకుని థాంక్స్ చెప్పి దిగారు. కింగ్ ఎయిర్ మాత్రం ఆ సంగతేమీ లేకుండా, బయల్దేరుతున్నానని కూడా చెప్పకుండా టేకాఫ్ మొదలుపెట్టింది. రెండు రన్‌వేలు కలిసేచోట గుద్దుకున్నాయి. 1900లో ఉన్నవాళ్ళు ఆ దెబ్బకి పోలేదు, బతికే ఉన్నారు. తలుపు బిగుసుకుపోయింది, బయటనుంచి పరిగెత్తుకొచ్చినవాళ్ళు లాగినా రాలేదు, మంటల్ని ఆర్పేవాళ్ళు ఎయిర్‌పోర్ట్‌లో లేరు. రెండింట్లో కలిపి 14 మంది పోయారు. కింగ్ ఎయిర్ పైలట్లు రేడియోని శ్రద్ధగా వినకపోవడం, చుట్టూ సరిగ్గా చూడకపోవడం కారణమని అక్కడి ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

ఆ రోజు మాట్లాడాల్సినవాళ్ళు మాట్లాడారు, జవాబు కూడా వచ్చింది. ఆ జవాబు ఎవరి నోటినుంచి వచ్చిందో తెలియలేదు, అంతే. అందుకే నేను తోక నంబర్ కంటే విమానం ఏదో, రంగేంటో చెప్పమంటాను. ‘పసుపు కబ్, 35 మొదట్లో, ఉత్తరం వైపు టేకాఫ్’ అంటే కిటికీలోంచి చూసి పోల్చుకోవచ్చు. తోక మీద అంకెలు మైలు దూరంనుంచి ఎవరికి కనబడతాయి?

తణుకు_టు_టెక్సస్

మాస్టారూ, క్విన్సీ చదివాక ఇంకా భయం వేసింది, థాంక్స్ అనాలో ఏమనాలో తెలియట్లేదు. మా ఊరి దగ్గర కాలువల మీద ఒక్క బండి పట్టే వంతెనలు ఉంటాయి, అవతల నుంచి లారీ వస్తే హారన్ కొట్టి ఎవరో ఒకరు ఆగుతారు. నేను రేడియోని ఆ హారన్‌లా అనుకున్నాను. కొట్టాను కదా, వాడే ఆగుతాడు అని.

కాక్‌పిట్_కుర్రోడు

బ్రో, నేను ఇండియాలోనే చేశాను, మహారాష్ట్రలో టవర్ లేని ఒక ఎయిర్‌ఫీల్డ్‌లో. మన దగ్గర ప్యాసింజర్ విమానాలు వెళ్ళే ఎయిర్‌పోర్ట్‌లు దాదాపు అన్నింట్లో ఏటీసీ ఉంటుంది కాబట్టి టవర్ లేకుండా ఎగరడం ఫ్లయింగ్ స్కూల్ కుర్రాళ్ళకి తప్ప పెద్దగా ఎవరికీ పట్టదు. మాకు స్కూల్ నుంచే ఒకరు రేడియో దగ్గర కూర్చుని సర్క్యూట్‌లో ఎవరెక్కడున్నారో, గాలి ఎటుందో చెప్పేవారు. అది సమాచారమే, పర్మిషన్ కాదు. కానీ 20 ఏళ్ళ స్టూడెంట్‌కి ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది, ఆ గొంతు వినబడగానే ఏటీసీ చెప్పినట్టే రిలాక్స్ అయిపోతాం.

ఒకరోజు నేను 60 గంటల మొనగాణ్ణి. రేడియోలో ‘నో రిపోర్టెడ్ ట్రాఫిక్’ అన్నారని రన్‌వే మీదకి తిరగబోతుంటే మా సార్ బ్రేకులు తొక్కి పట్టుకుని, రిపోర్ట్ చెయ్యని ట్రాఫిక్ సంగతేంటని అడిగారు. ఏ విమానమూ లేదులే, రన్‌వే దాటుతున్నవి రెండు గేదెలు. అప్పటినుంచీ రన్‌వే ఎక్కేముందు ఫైనల్ వైపు ఒకసారి, ఎదురు చివర ఒకసారి చూడకుండా కదల్లేదు. ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో రైట్ సీట్, అంటే కో-పైలట్ని, టవర్ క్లియరెన్స్ ఇచ్చాక కూడా మెడ దానంతటదే తిరుగుతుంది.

లత_మెల్‌బోర్న్

తమ్ముడూ, తప్పుగా అనుకోకు, ఒకటి అడుగుతాను. ఫ్రీక్వెన్సీలో వేరే ఊళ్ళ పేర్లు వినబడ్డాయన్నావు. ఆ ఊరి పేరు ఒక్కసారైనా వినబడిందా? శనివారం, గాలి లేని వాతావరణం, చిన్న విమానాలవాళ్ళంతా ఎగిరే రోజు, అలాంటప్పుడు ఒక్కరూ పలకలేదంటే నాకేదో తేడాగా ఉంది.

ఎందుకు అడుగుతున్నానంటే, ఆస్ట్రేలియాలో టవర్ లేని కొన్ని ఎయిర్‌పోర్ట్‌లలో ఒక చిన్న యంత్రం పెడతారు. ఆ ఫ్రీక్వెన్సీలో మనం మాట్లాడి బటన్ వదలగానే ‘బీప్’ అంటుంది. గత ఐదు నిమిషాల్లో ఎవరూ మాట్లాడకపోతే ఎయిర్‌పోర్ట్ పేరే రికార్డ్ చేసిన గొంతులో చెప్తుంది. చేసే పని అంతే, అది ట్రాఫిక్ చెప్పదు, దారి చూపదు. కానీ బీప్ రాలేదంటే మనం తప్పు ఫ్రీక్వెన్సీలో ఉన్నామనో, రేడియో పోయిందనో తెలిసిపోతుంది. నేను ఒకసారి ఆ బీప్ రాకపోవడం వల్లే వాల్యూమ్ చూసుకున్నాను, అది సున్నాలో ఉంది.

అలాగని మా దగ్గర అంతా బాగుందని కాదు. 2023 జూన్‌లో మిల్డూరాలో ఏం జరిగిందో చూడు. అక్కడ ప్యాసింజర్ విమానాలు వస్తాయి కానీ టవర్ లేదు. ఒక పైపర్ చిన్న విమానం రన్‌వే 36 నుంచి, క్వాంటాస్‌లింక్ డాష్ 8 రన్‌వే 09 నుంచి, రెండు రన్‌వేలూ ఒకదాన్నొకటి కోస్తాయి, దాదాపు ఒకే సమయానికి టేకాఫ్ తీసుకున్నారు. రెండింట్లోనూ రేడియోలు ఉన్నాయి, ఒకే ఫ్రీక్వెన్సీ. చిన్న విమానం పైలట్ 36 అనాల్సింది పొరపాటున 35 అన్నాడు. మిల్డూరాలో 35 అనే రన్‌వే లేదు కాబట్టి డాష్ 8 వాళ్ళు ఆ మనిషి వేరే ఎయిర్‌పోర్ట్‌లో ఉన్నాడనుకున్నారు. ఒక చివర నుంచి ఇంకో చివర చూద్దామంటే మధ్యలో చెట్లు, బిల్డింగులు. అదృష్టం కొద్దీ గుద్దుకోలేదు. ఇక్కడి దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ రిపోర్ట్‌లో నన్ను పట్టేసింది ఆ ఒక్క అంకె. చెప్పినవాడికి తాను చెప్పేశానన్న తృప్తి ఉంది, విన్నవాళ్ళకి తాము విన్నామన్న తృప్తి ఉంది.

నీ ఫ్రీక్వెన్సీ ఒకసారి చార్ట్‌లో చూసుకో. ఊరికే చూసుకో.

తణుకు_టు_టెక్సస్

లతక్కా.

చూశాను. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

చార్ట్‌లో 122.7 ఉంది. నా మోకాలి ప్యాడ్ మీద కాగితంలో 122.8 అని రాసుకున్నాను. మొదటి మజిలీ ఎయిర్‌పోర్ట్‌ది 122.8, ముందురోజు రాత్రి ప్లాన్ రాసుకుంటూ రెండో లైన్‌లో కూడా అదే ఎక్కించేశాను. రేడియో బ్రహ్మాండంగా పనిచేస్తోంది, పక్క ఊళ్ళవాళ్ళ గొంతులు గణగణ వినబడుతున్నాయి, కాబట్టి అనుమానమే రాలేదు. అసలు ఏమీ వినబడకపోయి ఉంటే అనుమానం వచ్చేదేమో.

అంటే నేను 10 మైళ్ళనుంచి చెప్పిందంతా ఆ ఊళ్ళో ఒక్కరూ వినలేదు. ‘ఒక్క ముక్క మాట్లాడకుండా టేకాఫ్ తీసుకోవచ్చా’ అని నేనే పైన రాశాను. ఆ లైన్ తీసేద్దామనుకుని మళ్ళీ ఉంచేశాను, ఉండనీండి. ఆ ఎయిర్‌పోర్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి నా నంబర్ ఇచ్చాను, ఆయనకి చెప్పమని.

మెసా_మాస్టారు

ఉంచు, తీసెయ్యకు. ఇది ఒప్పుకుని రాసేవాళ్ళు తక్కువ. ముందు నాసా రిపోర్ట్ పెట్టు, ఏఎస్‌ఆర్‌ఎస్ అంటారు. కావాలని చెయ్యని పొరపాటైతే, 10 రోజుల లోపల పంపితే, రేపు ఎఫ్‌ఏఏ (ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) తప్పు పట్టినా సాధారణంగా లైసెన్స్ మీదకి రానివ్వరు. దానికంటే ముఖ్యం, ఇలాంటివి అక్కడ పోగుపడితేనే ఎక్కడ తప్పులు జరుగుతున్నాయో తెలుస్తుంది.

122.7, 122.8, 123.0 ఇవన్నీ పదుల కొద్దీ ఎయిర్‌పోర్ట్‌లు పంచుకునే ఫ్రీక్వెన్సీలు. పైన ఎగురుతుంటే నాలుగు జిల్లాల గొంతులు వినబడతాయి. ఊరి పేరు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చెప్పమనేది అందుకే. దిగేముందు ఫ్రీక్వెన్సీని కాగితంలోంచి కాకుండా చార్ట్‌లోంచి చదివి తిప్పడం అలవాటు చేసుకో. ఇక్కడ లతగారు చెప్పిన బీప్ యంత్రం లేదు కానీ దగ్గరి చుట్టం ఒకటి ఉంది. రన్‌వే లైట్లు పైలటే వెలిగించుకునే చోట్ల అవి చాలావరకు సీటాఫ్ మీదే, అంటే ఆ ఎయిర్‌పోర్ట్‌లో అందరూ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీ మీదే పనిచేస్తాయి. ఐదు సెకన్లలో మైక్ బటన్ ఏడుసార్లు నొక్కితే లైట్లు ఫుల్‌గా వెలుగుతాయి. వెలిగాయంటే సరైన ఫ్రీక్వెన్సీలో ఉన్నట్టే. మిట్టమధ్యాహ్నం సరిగ్గా కనబడదనుకో, సాయంత్రాలు మాత్రం మంచి చిట్కా.

నువ్వు కుడి పక్కకి జరిగింది మంచి పనే. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి, అదే రూల్. పైగా మన సీటు ఎడమవైపు కాబట్టి కుడికి జరిగితే రన్‌వే కిటికీలోంచి కనబడుతూనే ఉంటుంది. ఒక్కటి ఆలోచించు, నువ్వు 17 మీద కుడికి జరిగితే పడమటి వైపు వెళ్ళావు. ఆయన 35 నుంచి లేచి మామూలుగా లెఫ్ట్ ప్యాటర్న్‌లోకి (రన్‌వే చుట్టూ ఎడమ మలుపులతో తిరిగే దారి) తిరిగితే అదీ పడమరే. అందుకే పక్కకి జరిగిపోయాం కదా అని ఊపిరి పీల్చుకోకుండా, ఆయన ఎటు తిరుగుతున్నాడో కనిపెట్టుకుంటూ ఎక్కాలి. గాలి లేని రోజు రెండు చివరలూ వాడుకలో ఉన్నాయనే లెక్క వేసుకో. 4 నాట్ల గాలికి కబ్‌వాడు తన హ్యాంగర్ ఎటుంటే అటునుంచే బయల్దేరతాడు.

బొనాంజా_బాబాయ్

మీరంతా ప్యాటర్న్ ప్యాటర్న్ అంటారు గానీ నేను 12 ఏళ్ళనుంచి ఖాళీ ఎయిర్‌పోర్ట్‌లలో స్ట్రెయిట్-ఇన్, అంటే ప్యాటర్న్ తిరగకుండా నేరుగా ఫైనల్‌కే వస్తున్నాను. ఐదు మైళ్ళనుంచి చెప్తాను, రూల్‌లో తప్పు లేదు. ఈ తమ్ముడు ప్యాటర్న్ మొత్తం తిరిగి కూడా ఇలా అయింది కదా, మరి దానివల్ల ఏం ఒరిగింది?

రెక్కలు_సుజాత

బాబాయ్ గారూ, తప్పు లేదు నిజమే, ఎఫ్‌ఏఏ కూడా నిషేధించలేదు. ప్యాటర్న్‌లో రావడం మంచిదంటుంది, స్ట్రెయిట్-ఇన్ వచ్చేవాళ్ళు ప్యాటర్న్‌లో ఉన్నవాళ్ళకి అడ్డం కాకూడదంటుంది. కానీ ‘ఖాళీ’ అని మీకెలా తెలుసు? ఈ థ్రెడ్ అంతా దాని గురించే కదండీ.

నేను కాలిఫోర్నియాలో ఎగురుతాను, వాట్సన్‌విల్ మాకు దగ్గరే. 2022 ఆగస్టు 18న అక్కడ సెస్నా 152లో ఒక్కరే ప్యాటర్న్‌లో తిరుగుతున్నారు. సెస్నా 340, రెండింజిన్లది, 10 మైళ్ళనుంచి స్ట్రెయిట్-ఇన్ వచ్చింది. ఫైనల్‌లో దాని వేగం 180 నాట్ల దగ్గర ఉంది, అది అలాంటి విమానం దిగే వేగం కాదు. ఇద్దరూ సరైన ఫ్రీక్వెన్సీలో ఉన్నారు, ఇద్దరూ మాట్లాడారు, ఇద్దరికీ ఎదుటివాళ్ళు ఉన్నారని తెలుసు. 152 పైలట్ బేస్ తిరిగి ఫైనల్‌కి వచ్చేసరికి వెనకనుంచి 340 చాలా వేగంగా వచ్చేస్తోందని చూసి గో అరౌండ్ చేస్తున్నానని రేడియోలో చెప్పారు. ఆ వెంటనే గుద్దుకున్నాయి. ముగ్గురు పోయారు.

మీ బొనాంజా ఫైనల్‌లో 152కి ఒకటిన్నర రెట్లు వేగంగా వస్తుంది. ఐదు మైళ్ళ ఫైనల్ అని మీరు చెప్పినప్పుడు, డౌన్‌విండ్‌లో ఉన్న స్టూడెంట్ తన వేగంతో లెక్క వేసుకుంటాడు, చాలా టైముందని బేస్ తిరుగుతాడు. ప్యాటర్న్ వల్ల గుద్దుకోకుండా పోతామని కాదండీ. అందరూ ఒకే ఎత్తులో, కాస్త అటూ ఇటూగా ఒకే వేగంలో, వెతికితే కనబడే చోట ఉంటారు. ఎక్కడ చూడాలో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇంకోటి, బాబాయ్ గారి గురించి కాదు గానీ, ఇన్‌స్ట్రుమెంట్ ప్రాక్టీస్ చేసేవాళ్ళు ఏదో ఫిక్స్ (చార్ట్ మీద పేరు పెట్టిన బిందువు) పేరు చెప్పి ‘ఇన్‌బౌండ్’ అంటారు. 20 గంటల స్టూడెంట్‌కి ఆ పేరు ఎక్కడుంటుందో ఏం తెలుసు? ఉత్తరాన నాలుగు మైళ్ళు అని చెప్తే నోరు అరిగిపోతుందా? ఆఖర్లో ‘ఎవరైనా ఉంటే చెప్పండి’ అని అడిగేవాళ్ళు సరేసరి. ఎఫ్‌ఏఏ వద్దని రాసినా మానరు. అది వినగానే ఆరుగురు ఒకేసారి బటన్ నొక్కుతారు, వినబడేది కీచుమనే శబ్దం.

బొనాంజా_బాబాయ్

వేగం సంగతి ఒప్పుకుంటానమ్మా. ఎవరైనా ప్యాటర్న్‌లో ఉన్నారని తెలిస్తే నేనూ డౌన్‌విండ్‌కే పోతాను. తెలియకపోతే ఏంటంటావు, ఆలోచిస్తాను.

తణుకు_టు_టెక్సస్

అప్‌డేట్. నిన్న ఆ పసుపు విమానం ఆయన ఫోన్ చేశారు. తిడతారనుకుని ముందే సారీ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నవ్వారు. మాస్టారు చెప్పినట్టు అది కబ్బే, కరెంటు లేదు, చేతిలో పట్టుకునే రేడియో వాడతారట. 35 నుంచి బయల్దేరుతున్నానని 122.7లో రెండుసార్లు చెప్పారట, నేను పలకకపోయేసరికి ఎవరూ లేరనుకున్నారు. ఆయన హ్యాంగర్ దక్షిణం చివరే. నన్ను గాల్లో చూసినప్పుడు, ‘పాపం వీడికి రేడియో లేదు’ అనుకున్నారట.

మరి ఫైనల్ వైపు చూడలేదా అని అడగాలో వద్దో అనుకుంటూనే అడిగేశాను. చూశాను అన్నారు, తన వెనక ఉన్న 35 ఫైనల్ వైపు. ఎదురు చివర చూడలేదట. కబ్‌లో ఒక్కరే ఉంటే వెనక సీట్లో కూర్చుని నడపాలి, నేలమీద ఉన్నంతసేపూ ముక్కు పైకెత్తి ఉంటుంది, ముందు ఏమీ కనబడదు. తోక లేచాకే నేను కనబడ్డాను. అప్పటికి చక్రాలు తేలికైపోయాయి, పవర్ తీద్దామా వద్దా అని ఆలోచించేలోపు లేచిపోయింది, ఇక కుడికి తిప్పారు. ఇప్పటినుంచి రన్‌వే ఎక్కేముందు పక్కన ఒక పూర్తి చుట్టు తిరిగి, ఆకాశం అంతా చూసి, అప్పుడు ఎక్కుతానన్నారు.

ఈ ఆదివారం సాయంత్రం మా ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్ళీ అక్కడికే వెళ్ళాను. 10 మైళ్ళ దగ్గర చార్ట్ తెరిచి 122.7 పైకి చదివి తిప్పాను, ఆయన వేలు పెట్టి సరిచూశారు. పొద్దు వాలుతోంది, మైక్ ఏడుసార్లు నొక్కాను. పొలాల మధ్యలో రెండు వరసల లైట్లు వెలిగాయి. అప్పుడు ఊరి పేరు చెప్పాను, తెల్ల సెస్నా, ఉత్తరాన పది మైళ్ళు అని. వెంటనే ఒక ఆడగొంతు పలికింది, లెఫ్ట్ డౌన్‌విండ్ 17, ఎర్ర చెరోకీ అని. ఎక్కడుందా అని మేమిద్దరం కిటికీకి అతుక్కుపోయి వెతుకుతూనే ఉన్నాం, మూడు మైళ్ళ దగ్గర గానీ కనబడలేదు.